సాఫ్ట్‌వేర్ అంటూ చేరుస్తున్నాం, ఆ రెండేళ్ళలో కంప్యూటర్ ఎక్కడుంది?



మినుములు ఇంటికి చేరాయి, పదో తరగతి ఫలితాలు కూడా వచ్చేశాయి. ఇక మన ఊళ్ళ మీద కాలేజీల పీఆర్వోలు తిరగడం మొదలైంది. నిన్న మా గుమ్మం ముందు ఇద్దరు బండి ఆపారు. మా ఇంట్లో పది రాసినవాళ్ళు లేరయ్యా అంటే, పక్కింట్లో ఉన్నారా అని అడిగారు. మజ్జిగ ఇచ్చి పంపించాను. ఎండన పడి తిరిగే ఉద్యోగం, వాళ్ళ మీద నాకేం కోపం లేదు. వాళ్ళు వెళ్ళాక పక్కింటి తమ్ముడు వచ్చి అడిగిన మాట మాత్రం రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

"అన్నయ్యా, మావాడు సాఫ్ట్‌వేర్ అంటున్నాడు. ఎంపీసీలో వేసేస్తే సరిపోద్దిగా?"

2017లో అడిగితే సరిపోద్దిరా అని టక్కున చెప్పేవాణ్ణి. అప్పుడు మా అమ్మాయిని అలాగే వేశాను. ఇప్పుడు అంత తేలిగ్గా చెప్పలేకపోయాను. ఎందుకో రాస్తాను. పొడుగ్గానే ఉంటది, తీరిక చేసుకుని చదవండి.

మనకి సాఫ్ట్‌వేర్ అంటే దారి ఒకటే తెలుసు. పది, ఎంపీసీ, ఎంసెట్, బీటెక్‌లో సీఎస్ఈ. ఆ ఎంసెట్ పేరు 2021 నుంచి ఈఏపీసెట్ అయింది, మన నోటికి మాత్రం ఇంకా ఎంసెట్టే. అందులో 160 ప్రశ్నలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. మూడు గంటలు. పరీక్ష రాసేది కంప్యూటర్ మీద. కంప్యూటర్ గురించి మాత్రం ఒక్క ప్రశ్న ఉండదు! ఎంపీసీ పుస్తకాల్లోనూ అంతే. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, భాష. కంప్యూటర్ పేపరు లేదు. పరీక్షలో లేనిది కాలేజీ ఎందుకు చెప్తుంది? చెప్పదు. వాళ్ళ తప్పు కూడా కాదు, మనం ర్యాంకు కోసం డబ్బు కట్టాం, వాళ్ళు ర్యాంకు పని చేస్తున్నారు.

మా అమ్మాయి విజయవాడ పక్కన ఒక హాస్టల్లో ఉండి చదివింది. పేరు వద్దు. పొద్దున అయిదింటికి లేపి రాత్రి పదింటిదాకా చదివించారు. ఫోను లేదు, కంప్యూటర్ లేదు. ఆదివారం మేం వెళ్తే గేటు దగ్గర గంటసేపు చూడనిచ్చేవాళ్ళు. రెండేళ్ళకి నేను కట్టిన డబ్బు, ఆ రెండేళ్ళలో నా మూడెకరాల మీద మిగిలిన దానికన్నా ఎక్కువ. ర్యాంకు పర్లేదు, సీఎస్ఈ సీటు వచ్చింది. ఊళ్ళో మిఠాయి పంచాం.

2019లో బీటెక్ చేరింది. మొదటి సెమిస్టర్లో సి భాష ల్యాబ్ ఉందట. మొదటి రోజు సార్ బోర్డు మీద పది లైన్లు రాసి, కొట్టి చూపించండి అన్నాడట. మావాళ్ళు కొందరు కీబోర్డు మీద ఏ అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటే, పక్క వరసలో పిల్లలు అయిదు నిమిషాల్లో లేచి నిలబడ్డారట. వాళ్ళు పదకొండు, పన్నెండు తరగతులు సీబీఎస్ఈలో చదివి వచ్చినవాళ్ళు. మా పిల్ల ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. "నాన్నా, ఫైల్ సేవ్ చేశాను, ఎక్కడ సేవ్ అయిందో తెలీలేదు. అడగటానికి సిగ్గేసింది" అంది. ఎంసెట్లో ఇంటిగ్రేషన్ లెక్కలు నిమిషానికొకటి చేసిన పిల్ల అది.

ఆర్నెల్లు తిరక్కుండానే 2020 మార్చిలో కరోనా వచ్చింది. కాలేజీ మూసేశారు, పాఠాలు ఫోన్లో. మన ఊళ్ళో సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే, డాబా ఎక్కి చెట్టుకొమ్మ పక్కన కూర్చుంటే గానీ వచ్చేది కాదు. అప్పు చేసి ల్యాప్‌టాప్ కొనేదాకా ఫోన్లోనే ప్రోగ్రాములు రాసింది. రెండు సబ్జెక్టులు పోయాయి, మళ్ళీ కట్టి రాసింది. చివరికి గట్టెక్కింది, ఉద్యోగం కూడా చేస్తోంది. కాబట్టి నేను చెడిపోయిన కథ చెప్పట్లేదు. ఆ మొదటి ఏడాదిన్నర ఆ పిల్ల పడ్డది అవసరం లేని కష్టం అని చెప్తున్నాను. గట్టెక్కలేక మధ్యలో బ్రాంచి మారినవాళ్ళు, మానేసినవాళ్ళు మన చుట్టుపక్కల ఊళ్ళలో లేరా? మీకే తెలుసు.

ఆ సీబీఎస్ఈ పిల్లలు ఏం చదివి వచ్చారో తర్వాత కనుక్కున్నాను. అక్కడ పదకొండు, పన్నెండులో కంప్యూటర్ సైన్స్ అని ఒక సబ్జెక్టు తీసుకోవచ్చు. పైథాన్ అనే భాషలో ప్రోగ్రాములు రాయడం, డేటాబేస్‌ని ప్రశ్న అడిగి జవాబు రాబట్టే ఎస్‌క్యూఎల్, ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌తో ఎలా మాట్లాడుకుంటుంది అనే నెట్‌వర్కు పాఠాలు, ఇవన్నీ ఉంటాయి. ఇన్ఫర్మేటిక్స్ ప్రాక్టీసెస్ అని ఇంకొకటి ఉంది, అందులో లెక్కల పట్టికలు, వివరాలు విడదీసి చూడటం ఎక్కువ. రెంటికీ ప్రాక్టికల్స్ ఉన్నాయి, మార్కులున్నాయి. అంటే అదే వయసు, అదే పదహారు పదిహేడేళ్ళు. ఒక పిల్ల రెండేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని వస్తోంది. ఇంకో పిల్ల రెండేళ్ళు దాని మొహం చూడకుండా వస్తోంది. ఇద్దర్నీ తెచ్చి ఒకే ల్యాబ్‌లో కూర్చోబెడుతున్నాం.

ఇంతవరకూ చదివి "అదంతా బీటెక్‌లో మొదటినుంచి చెప్తారు, లెక్కలు వస్తే చాలు" అనేవాళ్ళు ఉంటారు. మా బావగారు కూడా అదే అంటారు. సగం నిజం. లెక్కలు రానివాడు ప్రోగ్రాము రాయలేడు, అది ఒప్పుకుంటాను. రాజ్ రెడ్డి గారి సంగతే చూడండి. చిత్తూరు జిల్లా కాటూరులో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టారు. మద్రాసు గిండీ కాలేజీలో చదివింది సివిల్ ఇంజనీరింగ్. కంప్యూటర్ తర్వాతెప్పుడో పరిచయం. అయినా 1994లో ట్యూరింగ్ అవార్డు తీసుకున్నారు, కంప్యూటర్ వాళ్ళకి అది నోబెల్ లాంటిది. మనిషి మాటని యంత్రానికి అర్థమయ్యేలా చెయ్యడంలో ముందు తరంలో పనిచేసినాయన. నేను ఈ పోస్టులు ఫోన్లో మైకు నొక్కి మాట్లాడి, తర్వాత తప్పులు దిద్దుకుంటాను. ఆ విద్యకి పునాది వేసినవాళ్ళలో మన రైతుబిడ్డ ఒకాయన ఉన్నారు. అయితే ఆయన కాలంలో పక్క బెంచీలో రెండేళ్ళ ముందు మొదలుపెట్టినవాడు ఎవడూ లేడు. ఇప్పుడు ఉన్నాడు. తేడా అక్కడుంది.

ఆయన పేరు వచ్చింది కాబట్టి నూజివీడు సంగతి కూడా చెప్పాలి. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీకి మొదటి ఛాన్సలర్ ఆయనే. పది మార్కులతోనే చేర్చుకుంటారు, ఎంట్రన్సు లేదు, సర్కారు బడి పిల్లలకి నాలుగు శాతం కలుపుతారు. ఆరేళ్ళ చదువులో మొదటి రెండేళ్ళు మన ఇంటర్‌కి సమానం, పీయూసీ అంటారు. అక్కడ లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు ఐటీ కూడా ఒక సబ్జెక్టు. పల్లెటూరి పిల్లల కోసం పెట్టిన చోట, ఇంటర్ వయసులోనే కంప్యూటర్ ఉండాలని ఆలోచించారు చూడండి. అక్కడ చెయ్యగలిగింది మిగతా చోట్ల ఎందుకు చెయ్యకూడదు అన్నదే నా ప్రశ్న. రాష్ట్రంలో నాలుగు క్యాంపస్‌లు, వెయ్యి చొప్పున సీట్లు. మన మండలానికి ఎన్ని వస్తాయి? మిగతా పిల్లలు ఎక్కడికి పోవాలి?

ఇక మా తమ్ముడి కొడుకు కథ. వీడికి పదిలో మార్కులు అంతంతమాత్రం. మండలంలో ఉన్న గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ఒకేషనల్ కోర్సు, కంప్యూటర్ గ్రూపులో చేరాడు. చేరిన రోజు మా ఇంట్లో ఎవరూ సంతోషంగా లేరు. నేనైతే నోరు జారాను, "ఒకేషనలా, అయితే చదువు అయిపోయినట్టే" అన్నాను. వాడి ముందే అన్నాను. ఇప్పుడు గుర్తొస్తే తల దించుకోవాలనిపిస్తది.

ఆ కోర్సులో ఇంగ్లీషు, జనరల్ ఫౌండేషన్ అని రెండు పోను మిగతావన్నీ పని నేర్పే పేపర్లే. వాటికి ప్రాక్టికల్స్ ఉంటాయి, మధ్యలో బయట ఒకచోట పని నేర్చుకోడానికి కూడా పంపుతారు, ఆన్ ది జాబ్ ట్రైనింగ్ అంటారు. వాడు మొదటి ఏడాదే సి భాష మొదలుపెట్టాడు. మా అమ్మాయి బీటెక్‌లో ఏడ్చిన ఆ సి భాషే! పాస్ అయ్యాక ఏడాదిపాటు స్టైఫండ్ ఇచ్చే అప్రెంటిస్‌షిప్ కూడా ఉంటది, కేంద్రం అప్రెంటిస్ చట్టం కింద. అది చేశాడు. ఇప్పుడు ఒక రైసుమిల్లులో కాటా లెక్కలు, బిల్లులు, లారీల ఎంట్రీలు చూస్తూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నాడు. జీతం గొప్పదేం కాదు, మా అమ్మాయి జీతంలో మూడో వంతు ఉంటది. దాచిపెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒకేషనల్ ల్యాబుల్లో పాత మిషన్లు, కరెంటు పోతే ఖాళీగా కూర్చోడం కూడా వాడు చెప్పిందే. కానీ వాడి చదువు విలువ నాకు తెలిసింది నా పని మీద.

పోయినేడు నాకు పీఎం కిసాన్ రెండు వేలు పడలేదు. రెండు వాయిదాలు. నేను పాస్‌బుక్కు పట్టుకుని తిరగని చోటు లేదు. ఎక్కడికి వెళ్ళినా "డబ్బు పడ్డట్టే చూపిస్తోందండీ" అంటారు. నా బుక్కులో లేదు. నాలుగు రోజులు, బస్సు చార్జీలు, పొలం పని పోయింది. సంక్రాంతికి వచ్చిన మావాడు విని నవ్వాడు. "పెదనాన్నా, మీరు ఏ బుక్కు చూస్తున్నారో దానికి కాదు, ఆధార్‌కి ఏ బ్యాంకు లింకయిందో దానికి పడతయ్. ఒక ఆధార్‌కి ఆ లిస్టులో ఒకే బ్యాంకు ఉంటది. ఆఖరున ఎక్కడ లింక్ చేస్తే అదే మిగులుద్ది" అన్నాడు. తూము ఎటు తిప్పితే నీళ్ళు అటే పోతాయి, నా చేను ఎండుతోందని కాలవని తిడితే ఏం లాభం అన్నమాట. ఆధార్ వాళ్ళ సైట్లోకి వెళ్ళి, ఓటీపీ కొట్టి, బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూపించాడు. ఎప్పుడో వేరే పనికి తెరిచి నేను మర్చిపోయిన ఖాతా అది. డబ్బు మొత్తం అందులో భద్రంగా ఉంది. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

దీన్ని ఫోను వాడటం వచ్చు అనుకోకండి. ఫోను వాడటం నాకూ వచ్చు. మన ఊళ్ళో కుర్రాళ్ళందరికీ వచ్చు, రీల్సు చెయ్యడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. మావాడికి వచ్చింది వేరు. తెర వెనకాల వివరాలు ఎలా పేర్చి ఉంటాయి, ఏది దేనికి ముడిపడి ఉంటది అనే ఊహ. అది వాడికి డేటాబేస్ పాఠంలో వచ్చింది. ఆ పాఠం మా అమ్మాయికి బీటెక్ మూడో ఏట గానీ రాలేదట.

ఇప్పుడు మన బతుకంతా ఆ ముడుల మీదే నడుస్తోంది కదా. పంట వేస్తే ఈ-పంటలో ఎక్కాలి, ఈకేవైసీ వెయ్యాలి. ఎక్కకపోతే ధాన్యం కొనుగోలు దగ్గర ఇబ్బంది, బీమా దగ్గర ఇబ్బంది. పొలం వివరాలు మీభూమిలో. 2024 సార్వా నుంచి ధాన్యం అమ్ముకునే తేదీ కూడా వాట్సాప్‌లో పెట్టుకునే ఏర్పాటు వచ్చింది. సర్వే నంబరులో ఒక్క అంకె తేడా పడితే ఎక్కడ ఏం ఆగుద్దో చెప్పగలిగిన మనిషి ఊరికి ఇద్దరన్నా ఉండాలి. నా చిన్నప్పుడు అర్జీ రాసిపెట్టే మాస్టారు ఉండేవారు, అలాగ. నేను సీఈసీలో ఇంటర్ చేసినప్పుడు సాయంత్రాలు టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి లోయర్ పాసయ్యాను. ఉద్యోగం రాలేదు గానీ ఆ వేళ్ళ అలవాటు ఇప్పటికీ పనికొస్తోంది. అప్పుడు ఇంటర్ పిల్లల్లో సగం మంది టైపుకి వెళ్ళేవాళ్ళు. ఇప్పటి హాస్టలు పిల్లలకి ఆ గంట కూడా లేదు.

బయటి దేశాల్లో ఎలా ఉందని మా మేనల్లుణ్ణి అడిగాను, ఇంగ్లాండులో ఉంటాడు. అక్కడ మన ఇంటర్ లాంటిదాన్ని ఎ-లెవెల్ అంటారు. మామూలుగా మూడు సబ్జెక్టులు ఎంచుకుంటారు. ఐసీటీ అని ఒకటి ఉండేది, కంప్యూటర్లని, నెట్‌వర్కులని ఆఫీసుల్లో, వ్యాపారాల్లో ఎలా వాడాలి అనేది. కంప్యూటర్ సైన్స్ ఇంకొకటి, ప్రోగ్రాములు రాసేది. మొదటిది తేలిగ్గా ఉంది, లోతు లేదని తీసేశారు, 2018తో ఆఖరు. రెండోది ఉంచారు. వాళ్ళ లెక్క వాళ్ళది. చిన్న తరగతుల నుంచే ఇంట్లోనూ బడిలోనూ కంప్యూటర్ చూసే పిల్లలకి అది సరిపోవచ్చు. మన పిల్లలకి వాడటం నేర్పేదీ లేదు, రాయడం నేర్పేదీ లేదు. వాళ్ళు రెండిట్లో ఏది ఉంచాలి అని వాదించుకుంటే, మనం ఎంపీసీలో ఒక్కటి కూడా పెట్టకుండానే సాఫ్ట్‌వేర్ అంటున్నాం.

ఇంకో మాట కూడా వస్తది. "ఇప్పుడు ఏఐ వచ్చింది, ప్రోగ్రాములు అదే రాస్తోంది, ఇంకెందుకు ఈ చదువు" అని. మనకి వరికోత మిషను వచ్చింది. కొడవలి పట్టే పని పోయింది. చేను ఎప్పుడు కొయ్యాలో మిషను చెప్పిందా? గింజ కొరికి చూసి, మబ్బు చూసి, తేమ 17 దాటితే కాటా దగ్గర తిప్పలని తెలిసి కొయ్యమనేది మనమే. అది తెలియనివాడు మిషను అద్దె కట్టి నష్టపోతాడు. ఇదీ అంతే అనుకుంటున్నాను.

కాబట్టి పక్కింటి తమ్ముడికి చివరికి ఏం చెప్పానంటే, ఎంపీసీ వద్దనలేదు. మార్కులు బాగుంటే ముందు నూజివీడు దరఖాస్తు మర్చిపోవద్దన్నాను. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా మూడేళ్ళు, మొదటినుంచే కంప్యూటర్ ఉంటది, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఒకేషనల్ అంటే తల దించుకోవద్దన్నాను. అందులో చేరినవాడు తర్వాత పెద్ద చదువుకి పోవాలంటే బ్రిడ్జి కోర్సు అని లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ పరీక్షలు రాసే దారి ఉంది. చేరేటప్పుడే కాలేజీలో ఆ బ్రిడ్జి కోర్సు క్లాసులు చెప్తారా లేదా అడగాలి. మా తమ్ముడి కొడుక్కి ఎవరూ చెప్పలేదు, వాడూ అడగలేదు, ఆ దారి అలా పోయింది.

ఎంపీసీలోనే వేస్తే మాత్రం డబ్బు కట్టేముందు ఒక్క మాట అడగమన్నాను. "వారానికి రెండు గంటలు మా పిల్లాణ్ణి కంప్యూటర్ ముందు కూర్చోబెడతారా?" నవ్వుతారు. నవ్వనివ్వండి. ఇరవై మంది తండ్రులు అడిగితే నవ్వరు. ఒప్పుకోకపోతే ఎంసెట్ అయిన తర్వాత కాలేజీ తెరిచేదాకా ఖాళీ దొరుకుద్ది, ఆ రోజుల్లో పిల్లల్ని ఊరికే ఉంచకండి. టైపింగు, ఫైలు ఎక్కడ దాచాలి, ఎక్సెల్లో ఒక పట్టిక, పైథాన్‌లో నాలుగు లైన్లు. మన సాగు ఖర్చే వాళ్ళ చేత ఎక్సెల్లో వేయించండి. మావాడు నా కౌలు చేను లెక్క అలాగే వేశాడు. కౌలు పోను వరి మీద నాకేం మిగల్లేదని, మినుమే ఇల్లు నడిపిందని అందులో తేలింది. నాకు అనుమానం ఉండేది గానీ అంకెల్లో చూసేసరికి నోట మాట రాలేదు. ఆ సంగతి ఇంకో పోస్టులో రాస్తాను.

సర్కారుని అడగాల్సింది కూడా ఉంది. 2025లో ఇంటర్ బోర్డు లెక్కలూ బయాలజీ కలిపి ఎంబైపీసీ తెచ్చింది. కొత్త గ్రూపు పెట్టడం అయ్యే పనే అని వాళ్ళే చూపించారు. అలాగే ఎంపీసీ పిల్లలకీ, సీఈసీ పిల్లలకీ కూడా కంప్యూటర్ ఒక సబ్జెక్టుగా పెట్టొచ్చు. మార్కులుండాలి, ప్రాక్టికల్ ఉండాలి. మార్కులు లేకపోతే ఏ కాలేజీ చెప్పదు, ఏ పిల్లాడు చదవడు, మనమూ పట్టించుకోం.

అంతదాకా ఆగకుండా, మన మండలం జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ గారిని కలుద్దామని నేనూ, పక్కింటి తమ్ముడూ అనుకున్నాం. ఒకేషనల్ ల్యాబు సాయంత్రం గంటసేపు ఎంపీసీ పిల్లలకి కూడా తెరుస్తారా, ఎన్ని మిషన్లు పనిచేస్తున్నాయి, బ్యాటరీలు మార్చాలంటే ఎంతవుద్ది అని అడుగుతాం. అవసరమైతే సంఘంలో తలా కొంచెం వేసుకుందాం, గుడి రంగులకి వేసుకోలేదా. సోమవారం పొద్దున తొమ్మిదింటికి రైతు సేవా కేంద్రం దగ్గర ఆటో ఉంటది. వచ్చేవాళ్ళు ముందురోజు రాత్రికి నాకో ఫోన్ కొట్టండి, ఆటో ఒకటా రెండా చూసుకోవాలి. పది పాసయిన పిల్లలుంటే వాళ్ళనీ తీసుకురండి.